స్లీవా, బైపాసా? ముందు గుండెల్లో మంట సంగతి చెప్పండి

మా చిన్నత్త బరువు తగ్గడానికి కడుపుకు చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని ఆరేళ్లయింది. ముప్పై కిలోలు తగ్గింది, మోకాళ్ల నొప్పి పోయింది. అయితే రాత్రిళ్లు తలకింద రెండు దిండ్లు లేనిదే పడుకోలేదు. కాస్త వాలితే చాలు, పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి. ఆపరేషన్‌కు ముందు నుంచే ఆమెకు గుండెల్లో మంట ఉండేది. ఆ మాట ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అందుకే బరువు తగ్గడానికి స్లీవ్, బైపాస్ (గుండెకు చేసేది కాదు, కడుపుకు చేసేది) ఈ రెండింటిలో ఏది మేలని అడిగేవారిని నేను బరువెంతని అడగను, అన్నం తిన్నాక మంట వస్తుందా అని అడుగుతాను.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. సన్నని గొట్టం మిగులుతుంది. పేగుల జోలికి పోరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా పోతుంది కనుక తిండి మీద యావ తగ్గుతుంది. కానీ ఆ ఇరుకు గొట్టంలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. తీసేసిన భాగాన్ని మళ్లీ అతికించలేరు.

బైపాస్‌లో జీర్ణాశయాన్ని తీసేయరు. అన్నవాహిక కింద సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరు చేసి, దానికి చిన్నపేగును కలుపుతారు. మిగిలిన జీర్ణాశయం పక్కనే ఉండిపోతుంది, దాని రసాలు చాలా కిందకు వచ్చి ఆహారంతో కలుస్తాయి. ఆమ్లానికి అన్నవాహిక దాకా దారి ఉండదు కాబట్టి మంట చాలామందికి తగ్గుతుంది.

ఫిన్లాండ్‌లో 240 మందికి చీటీ వేసినట్టు సగం మందికి ఇది, సగం మందికి అది చేసి పదేళ్లు గమనించారు. ఉండవలసిన దానికన్నా ఎక్కువున్న బరువులో స్లీవ్ వారు సగటున 43.5 శాతం, బైపాస్ వారు 51.9 శాతం తగ్గారు. ఈ తేడా నన్నంతగా ఆశ్చర్యపరచలేదు. అన్నవాహికలో వాపు మాత్రం స్లీవ్ వారిలో 31 శాతం మందికి కనిపించింది, బైపాస్ వారిలో 7 శాతానికే.

షుగరు విషయంలో బైపాస్‌కే మొగ్గు, కొద్దిగా. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే రక్తపరీక్ష) 6 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవారు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. అసలు అంతరం ఆపరేషన్‌కూ మాత్రలకూ మధ్యనే ఉంది.

మరి బైపాసే చేయించుకుంటే పోలేదా? దానికీ మూల్యం ఉంది. ఐరన్, కాల్షియం, బి12 జీవితాంతం వేసుకోవాలి. స్లీవ్ తర్వాత కూడా విటమిన్లు తప్పవు గానీ, బైపాస్‌లో అశ్రద్ధ చేస్తే రక్తహీనత త్వరగా పట్టుకుంటుంది. సంక్రాంతికి రెండు అరిసెలు తింటే చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు పేగు అతికిన చోట పుండు చేస్తాయి, పొగ తాగడం కూడా అంతే. కీళ్లనొప్పులకు ఆ మాత్రలు మానలేనివారికి స్లీవే నయం.

ఒకే అతుకుతో ముగించే మినీ బైపాస్‌కు సమయం తక్కువ పడుతుంది, కాకపోతే పైత్యరసం పైకి వచ్చే ప్రమాదముంది. కోత లేకుండా కడుపులో పెట్టే బెలూన్‌ను సాధారణంగా ఆరు నెలలకే తీసేస్తారు, తర్వాత బరువు తిరిగి రావడం మామూలే. దాన్ని వీటితో పోల్చడం నాకు సబబనిపించదు.

డబ్బు మాట కూడా ముందే తేల్చుకోవాలి. ఆసియావారికి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే కొలత) 27.5 నుంచే ఆపరేషన్ ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీలు సాధారణంగా 40 ఉంటేనో, తీవ్రమైన జబ్బులతో 35 ఉంటేనో చెల్లిస్తాయి. 160 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి 35 అంటే దాదాపు 90 కిలోలు. షుగరుతో 84 కిలోలున్న మనిషికి డాక్టరు సరేనన్నా బీమా కాదనవచ్చు.

చిన్నత్త స్లీవ్‌ను ఇప్పుడు బైపాస్‌గా మార్చవచ్చని డాక్టర్లు అంటున్నారు. రెండోసారి కోతంటే ఆమెకు భయం. ఈసారి మాత్రం తనకున్న ఇబ్బందులన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లింది.