జొన్నచేను దాచిన పటాలం: ఓర్మ్‌తో ఆరేళ్ళు

పాత యుద్ధాల్ని బొమ్మలతో, పాచికలతో టేబుల్ మీద ఆడేవాళ్ళకి అన్నిటికంటే ముందు కావాల్సింది నేల. ఎవరు గెలిచారు, ఎంతమంది పోయారు అన్నది ఏ పుస్తకం తిరగేసినా దొరుకుతుంది. ఆ రోజు ఆ చోట గట్టు ఎటు ఉంది, పైరు ఎంతెత్తు పెరిగింది, ఎవరికి ఎవరు కనబడ్డారు, ఎవరు కనబడలేదు, ఇవి మాత్రం దొరకవు. రాబర్ట్ ఓర్మ్ దగ్గర దొరుకుతాయి. ఆయన రాసిన ‘హిస్టరీ ఆఫ్ ది మిలిటరీ ట్రాన్సాక్షన్స్ ఆఫ్ ది బ్రిటిష్ నేషన్ ఇన్ ఇండోస్తాన్’ ఆరేళ్ళుగా నా చేతికందేంత దూరంలోనే ఉంటోంది. మొదటి భాగం 1763లో, రెండోది 1778లో వచ్చాయి. మన కోస్తా జిల్లాల యుద్ధాలన్నీ ఆ రెండో భాగంలోనే ఉన్నాయి: బొబ్బిలి, చందుర్తి, మచిలీపట్నం. ఓర్మ్ ఎవరు, ఈస్టిండియా కంపెనీలో ఏ హోదాలో ఉండేవాడు లాంటివన్నీ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఒక్క చేను గురించి.

1758 డిసెంబరులో పిఠాపురం, గొల్లప్రోలు పరిసరాల్లో జరిగిన పోరుని మనం చందుర్తి యుద్ధం అంటాం, ఇంగ్లీషు పుస్తకాలు కాండోర్ అంటాయి. ఒక పక్క కలకత్తా నుంచి దిగిన ఇంగ్లీషు కంపెనీ కర్నల్ ఫోర్డ్, ఆయనకి తోడు విజయనగరం ఆనందరాజు. అవతల ఫ్రెంచివాళ్ళ కాన్‌ఫ్లాన్స్. ఫోర్డ్ దగ్గర తెల్ల సిపాయిలు 470 మంది, మన సిపాయిలు 1,900. కాన్‌ఫ్లాన్స్ దగ్గర తెల్లవాళ్ళు 500, సిపాయిలు 6,000, ఫిరంగులు 30కి పైనే. ఒక బొమ్మకి ఇరవై మంది చొప్పున లెక్కేస్తే ఫ్రెంచివైపు సిపాయిలకే మూడువందల బొమ్మలు కావాలి. మా నలుగురి దగ్గరా కలిపి నూట ఇరవై ఉన్నాయి. సరిపెట్టుకున్నాం.

ఈ యుద్ధాన్ని మేం మొదటి ఏడాదిలో మూడుసార్లు ఆడాం. మూడుసార్లూ ఫ్రెంచివాళ్ళే గెలిచారు. చరిత్రలో ఓడినవాళ్ళు టేబుల్ మీద ఒకసారి గెలిస్తే అది ఆట. వరసగా మూడుసార్లు గెలిస్తే మనం ఆ యుద్ధాన్ని తప్పుగా అర్థం చేసుకున్నామన్నమాట. బలాలు సరిచూశాను. ఫిరంగుల లెక్క మార్చాను. అయినా తేడా రాలేదు. అప్పుడు మళ్ళీ ఓర్మ్‌ని తీసి, ఆ నాలుగు పేజీలూ పెన్సిలు పట్టుకుని మాట మాట చదివాను.

ఫోర్డ్ తన తెల్ల పటాలాన్ని మధ్యలో నిలిపాడు. దానికి ఎదురుగా ‘ఇండియన్ కార్న్’ (అంటే మొక్కజొన్న) చేను. ఆ చేను బాగా ఎత్తుగా పెరిగి, పటాలాన్ని శత్రువు కంట పడనీయకుండా పూర్తిగా కప్పేసిందని ఓర్మ్ రాశాడు. ఎడమ పక్కనున్న సిపాయిలు మాత్రం బయలులో నిలబడి ఉన్నారు. వాళ్ళవీ తెల్ల పటాలంలాగే ఎర్ర కోట్లు. తమ చిన్న జెండాల్ని ఎత్తకుండా నేలమీద పడుకోబెట్టమని ఫోర్డ్ వాళ్ళకి చెప్పాడు. జెండా లేదు, కోటు ఎర్రది. దూరం నుంచి చూసిన ఫ్రెంచివాళ్ళు తెల్ల పటాలం అదేననుకుని నేరుగా వాళ్ళ మీదికి నడిచారు. సిపాయిలు వెనక్కి తగ్గారు. తరుముకుంటూ వెళ్ళినవాళ్ళకి చేను పక్కనుంచి అసలు పటాలం వరస కట్టి వచ్చి ఎదురు నిలిచింది. మొదటి దెబ్బకే ఫ్రెంచి గ్రెనేడియర్లు (ఏరి కూర్చిన సైనికులు) సగం మంది కూలిపోయారు. మిగిలినవాళ్ళు వరస చెదిరి తమ ఫిరంగుల వైపు పరుగెత్తారు.

నేను చేసిన తప్పు ఆ చేను దగ్గరుంది. మా రూల్సులో పైరు అంటే మోకాలెత్తు. తూటా కొంత తప్పుతుంది, చూపు మాత్రం ఆగదు. ఒక ఆకుపచ్చ గుడ్డముక్క పరిచి, ఇదే చేను అనుకుని ఆడేశాం. ఓర్మ్ ‘పూర్తిగా’ అని రాసిన మాటని ఏదో పుస్తకాల భాషలే అని తేలిగ్గా తీసుకున్నాను.

ఆ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు మా మావయ్యని అడిగాను. మా వాళ్ళది పిఠాపురం దగ్గర మెట్ట. ఆయన అరవై ఏళ్ళుగా ఆ నేలలోనే ఉన్నాడు. అరుగు మీద కూర్చుని పుస్తకంలో ఆ ముక్క చదివి, తెలుగులో చెప్పాను. “మావయ్యా, మొక్కజొన్న వెనక ఐదొందల మంది దాక్కోగలరా?” అన్నాను.

“మొక్కజొన్నేంట్రా! మా తాతల నాడు ఈ మెట్టలో వేసింది జొన్న. ఇప్పుడంటే పొట్టి రకాలొచ్చాయి. అప్పటి జొన్నచేలో దిగితే మనిషి మునిగిపోయేవాడు. పిట్టల్ని తోలడానికి మంచె ఎందుకు ఎక్కేవాళ్ళం మరి? కింద నిలబడి వడిసెల తిప్పితే కంకి కనబడితేగా!” అన్నాడు. లేచి, గోడకి ఆనించిన వాసం తెచ్చి నిలబెట్టి, తన తల మీద నుంచి ఇంకో మూరెడు పైకి చెయ్యి చాపి చూపించాడు. “ఇంత. కంకితో కలిపి ఇంకాస్త.”

ఆ రోజు నుంచి ఓర్మ్ కార్న్‌ని నేను జొన్న అనే చదువుకుంటున్నాను. ఇంటికి రాగానే చీపురు పుల్లలు కోసి, గోధుమరంగు స్పాంజి ముక్కలు కంకులుగా అతికించి, బొమ్మల తలకంటే ఎత్తుగా చేను కట్టాను. రెండు ఆదివారాలు పట్టింది. తర్వాత జెండాల సంగతి. టేబుల్ మీద పైనుంచి చూసేవాడికి అన్నీ కనబడతాయి, అదే ఈ ఆటలో పెద్ద చిక్కు. అందుకని ఫోర్డ్ వైపు దళాల స్థానంలో బొమ్మలు పెట్టకుండా ఎర్ర అట్టముక్కలు బోర్లించాను. ఏ ముక్క కింద తెల్ల పటాలం ఉందో, ఏ ముక్క కింద సిపాయిలున్నారో ఫోర్డ్‌గా ఆడేవాడికే తెలుసు. జెండాలు పడుకోబెట్టారన్న ఓర్మ్ వాక్యం నాకు సరాసరి ఒక రూల్ అయిపోయింది.

నాలుగోసారి ఆడినప్పుడు కాన్‌ఫ్లాన్స్‌గా కూర్చున్న మిత్రుడు బయలులో ఉన్న ఎర్ర ముక్క వైపే నడిచాడు. వరస తీర్చి, నిదానంగా, తెల్ల పటాలం దొరికిందన్న ధీమాతో. ముక్క తిప్పితే సిపాయిలు. వాళ్ళు తగ్గారు, ఆయన తరిమాడు. చేను వెనకనున్న ముక్క తిప్పి, ఇరవై నాలుగు బొమ్మల్ని ఒక్కొక్కటిగా ఆయన వరస పక్కన నిలబెడుతున్నప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన పాచికలు కింద పెట్టి, నా చేతిలోంచి పుస్తకం లాక్కుని ఆ పేజీ చదువుకున్నాడు. రెండువందల అరవై ఏళ్ళ కిందట ఒక రైతు వేసుకున్న జొన్న ఒక యుద్ధాన్ని ఎలా తిప్పిందో ఆ రోజు మా కళ్ళ ముందు కనబడింది. నేను కొన్న పుస్తకాల్లో ఇంకేదీ నాకు అంత ఆనందం ఇవ్వలేదు.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే ఓర్మ్ ఆ చేను చూడలేదు. ఆ ఏడాదే ఆయన మద్రాసు వదిలి ఇంగ్లండుకి ఓడ ఎక్కాడు. దారిలో ఫ్రెంచివాళ్ళకి పట్టుబడి మారిషస్ పాలయ్యాడు. లండను చేరేసరికి 1760. ఆనక ఉత్తరాలు, దినచర్యలు, అక్కడ ఉన్నవాళ్ళ మాటలు పోగేసి ఇదంతా రాశాడు. పేజీ అంచున ఏడాది, నెల వేసుకుంటూ వెళ్ళాడు. ఒక్క పోరు కాకుండా దండయాత్ర మొత్తం ఆడేవాళ్ళకి ఆ అంచు తేదీలు చాలా ఉపయోగం. డిసెంబరులో గెలిచిన ఫోర్డ్ మచిలీపట్నం ముందుకి మార్చిలో గాని రాలేకపోయాడు. ఆ మూడు నెలలు ఏమయ్యాయో అంచు చూసుకుంటూ పోతే అర్థమవుతుంది: డబ్బు. నెలకి 50,000 రూపాయలు ఇస్తానని ఆనందరాజు ఒప్పుకున్నాడు, అది చేతికి రాక పటాలం ఆగిపోయింది. మా దండయాత్ర రూల్సులో ఖజానా పెట్టె వచ్చింది అప్పుడే.

ఇక్కడే ఓర్మ్‌తో నాకు పేచీ. ఆనందరాజు కనబడ్డ ప్రతిచోటా ఆయన కలం ముడుచుకుంటుంది. ఆలస్యం రాజుది, పిరికితనం రాజుది, పిసినారితనం రాజుది. కానీ అదే పుస్తకంలో, ఫోర్డ్ ఓడ దిగకముందే ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి విశాఖపట్నం లాక్కున్నది ఆనందరాజే. కలకత్తాకి కబురు పంపి ఈ దండయాత్రకి నాంది పలికిందీ ఆయనే. కంపెనీ కొలువులో ఉన్న చరిత్రకారుడు కంపెనీ లెక్కల పుస్తకంలోంచి చూసినట్టే మన రాజుని చూశాడు. ఆయన మాట నమ్మి ఆనందరాజు దళాలకి నేను మొదట్లో అన్నిటికంటే తక్కువ ధైర్యం మార్కులు ఇచ్చాను. ఇప్పుడు మార్చేశాను. నేల విషయంలో ఓర్మ్‌ని నమ్మినట్టు మనుషుల విషయంలో నమ్మకండి.

నేల విషయంలో కూడా, చందుర్తి చూసి నేను మొదట్లో అందరికీ చెప్పినంత ధీమాగా ఇప్పుడు చెప్పను. మ్యాపు అక్కర్లేదు, మాటలు చాలు అనేవాణ్ణి. మచిలీపట్నం దగ్గర ఆ మాట నిలవలేదు. 1759 ఏప్రిల్ 7 రాత్రి, సముద్రం వెనక్కి తీసిన వేళ, ఫోర్డ్ మనుషులు బురద పర్రలో దిగి ఫ్రెంచివాళ్ళ కోట మీద పడ్డారు. ఒకటి నిజం దాడి, రెండు ఉత్తుత్తివి. నిజం దాడి కమీలియన్ అనే బురుజు మీద. రాజు మనుషులు రాదారి మీద గోల చెయ్యాలి, నాక్స్ అనే కెప్టెన్ కింది సిపాయిలు ఇంకో పక్కన బురదలోంచి కాల్పులు జరపాలి. సెయింట్ జాన్, డచ్, ఫ్రాన్స్వా, సలీన్ అని బురుజుల పేర్లు వరసగా వస్తాయి. పటం ముందు లేకపోతే ఎవరు ఎటు తిరిగారో తల తిరిగిపోతుంది. పుస్తకంలో పటాలున్నాయి. నేను కొన్న రీప్రింట్‌లో మడత విప్పకుండానే వాటిని స్కాన్ చేశారు. కోటలో మూడోవంతు, ఆపైన మడత నీడ, అంతే. అచ్చువేసినవాళ్ళకి ఉత్తరం రాస్తే, అసలు ప్రతిలో ఎలా ఉందో అలాగే వేశామన్నారు. నాకు బాధ కలిగింది. యుద్ధాల పుస్తకానికి పటమే సగం ప్రాణం, ఒక్క నిమిషం ఆ కాగితం విప్పి ఉంటే పోయేది. మీరు కొనేముందు ఏదో ఒక పటం పేజీ చూపించమని గట్టిగా అడగండి. పాత అచ్చుల స్కాన్ అయితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అందులో ఇంగ్లీషు ‘s’ అక్షరం చాలాచోట్ల ‘f’లా కనబడుతుంది. కళ్ళు అలవాటుపడటానికి నాకు ఒక నెల పట్టింది. 1861లో మద్రాసులో వేసిన అచ్చు ప్రతి దొరికితే ఆ బెడద ఉండదు.

పేర్ల సంగతి తెలుగువాళ్ళకి కష్టం, సంతోషం రెండూ. విజయరామరాజు ‘విజెరామ్రాజ్’, ఆనందరాజు ‘అనందెరాజ్’ అయిపోతారు. బయటికి చదువుకుంటే తేలిపోతాయి. మన నోటికి ఉన్న వీలు ఇంగ్లీషు ఆటగాళ్ళకి లేదు.

మచిలీపట్నం రాత్రిలోంచి ఒక్క సంగతి నన్ను వదల్లేదు. గోడెక్కిన యార్క్ అనే కెప్టెన్ ముందుకి నడుస్తుంటే, మందుపాతర అని ఎవరో అరిచారు. మనుషులు వెనక్కి పరుగెత్తారు. ఆయన వాళ్ళని మళ్ళించి, కొద్దిమందితో తిరిగి వెళ్ళాడు. ఫిరంగి దెబ్బకి రెండు కాళ్ళకీ గాయాలై పడిపోయాడు. ఆయనకి రెండు పక్కలా డోలు వాయిస్తూ నడిచిన ఇద్దరు నల్ల కుర్రాళ్ళు అక్కడికక్కడే చనిపోయారు. ఓర్మ్ యార్క్ పేరు రాశాడు, వాళ్ళ పేర్లు రాయలేదు. యార్క్ బొమ్మ నిలబెట్టిన బిళ్ళ మీద ఆ ఇద్దర్నీ పక్కపక్కనే నిలబెట్టాను. ఆ రెండు బొమ్మలకి రంగులు వేయడానికి మిగతా పటాలం అంతటికీ పట్టినంత సమయం తీసుకున్నాను. ఒక డోలు తాడు ముడి సన్నని దారంతో కట్టాను.

బొబ్బిలిని మాత్రం టేబుల్ మీదికి తేలేదు, తేను కూడా. 1757 జనవరి 24 పోరుని ఓర్మ్ గంటగంటకీ రాశాడు, కోట కొలతలు కూడా ఇచ్చాడు, ఆడటానికి కావాల్సినవన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళు, పిల్లలు ఉన్న ఇళ్ళు లోపలివాళ్ళే తగలబెట్టుకున్న ఘట్టం దగ్గర పుస్తకం మూసేశాను. చిన్నప్పుడు బుర్రకథలో విన్నప్పుడు ఎలా గొంతు పట్టేసిందో, అలాగే పట్టేసింది. కథలో మనకి తాండ్ర పాపారాయుడు ఉన్నాడు. ఓర్మ్‌లో ఆ పేరు నాకు కనబడలేదు. రాత్రి గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచినవాళ్ళు ఆయన పుస్తకంలో పేరులేని సిపాయిలు.

కొనాలా అంటే, మీరేం ఆడతారన్నదాన్ని బట్టి. జూలూలు, సూడాన్, పంతొమ్మిదో శతాబ్దపు సరిహద్దు యుద్ధాలు ఆడేవాళ్ళకి ఇందులో ఏమీ లేదు. వారాంతంలో చదివేసి ఆడేద్దామనుకుంటే కూడా కుదరదు, ఆ ఇంగ్లీషు నిదానంగా నమలాలి. నాకు పిఠాపురం మెట్ట తెలుసు, అడగడానికి మావయ్య ఉన్నాడు, అందుకే ఇది నాకు ఇంత పండింది. తమిళదేశపు కోటల మీద ఆయన రాసిన వందల పేజీలు నేను ఇప్పటికీ పైపైనే చదివాను. కోస్తా యుద్ధాలు ఆడాలనుకుంటే మాత్రం రెండో భాగం తీసుకోండి, మడత విప్పిన పటాలున్న ప్రతి దొరికేదాకా ఆగి తీసుకోండి. నేను ఆగలేదు. మచిలీపట్నం కోట పటం ఒక పాత లైబ్రరీలో విప్పి చూసుకుని ట్రేసింగ్ కాగితం మీద గీసుకొచ్చాను. ఇప్పుడు బురద పర్రకి తగిన రంగు కలుపుతున్నాను. పోటు ఎక్కే లోపల కోట చేరాలి కాబట్టి, ఆటకి గంటలు కొట్టే గడియారం ఒకటి వెతుకుతున్నాను.