కిరిబాటి వెళ్లేవాళ్లకు పొందూరు ఖద్దరు ఎలా ఉంటుంది?

శ్రీకాకుళం నుంచి పసిఫిక్ మహాసముద్రంలోని కిరిబాటి లాంటి పగడపు దీవులకు సువార్త సేవకు వెళ్లే కుర్రాళ్లు పొందూరు ఖద్దరు నిస్సంకోచంగా తీసుకెళ్లొచ్చు. వాలుగ చేప దవడతో దూది ఏకి వడికిన 100 కౌంటు నూలు (చాలా సన్నని దారం) ఉక్కపోతలో ఒంటికి ఎంతో హాయి. ఆ సన్న ఖద్దరు ఆదివారం ఆరాధనకే ఉంచండి. రోజూ బండకేసి బాదితే చిరిగిపోతుంది, వాడకానికి ముతక రకమే మేలు. కుట్టించేముందు గుడ్డను రాత్రంతా నానబెట్టండి, లేకుంటే తర్వాత కుదించుకుపోతుంది. ఇనుప హుక్కులు వద్దు, ఉప్పుగాలికి తుప్పు మరకలు పడతాయి.

అక్కడ చాలాచోట్ల బావినీళ్లు ఉప్పన. సబ్బు సరిగా నురగ రాదు. గుడ్డలో మిగిలిన ఉప్పు తేమను లాగి, ఆరిన చొక్కా కూడా చెమ్మగా తగులుతుంది. ఆఖరి జాడింపు అరబకెట్ వాననీళ్లతో చేయాలి. వానలు లేనప్పుడు మాత్రం ఆ నీళ్లు తాగడానికే. గంజి అసలు పెట్టొద్దు, బూజు పడుతుంది. ధర ఎక్కువే, అయినా పాలిస్టర్ చొక్కాతో ఆ ఎండల్లో తిరగలేం.