కవల కాన్పుల కోడింగ్‌కు ఐసీడీ-10: ఏళ్లుగా వాడాక చెప్పే మాట

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రుల్లో కవల కాన్పు కేస్ షీటుకు కోడ్ వేయాలంటే చేతిలో ఉండేది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10, అంటే జబ్బులకూ కాన్పులకూ ఒక్కోదానికి ఒక్కో అక్షరం-అంకెల కోడ్ ఇచ్చే పుస్తకం. చాలా కాలం వాడాక దీని సంగతి సూటిగా చెప్పొచ్చు. ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికారు అన్న లెక్కకు దీన్ని కళ్లు మూసుకుని నమ్మొచ్చు. ఏ బిడ్డకు ఏమైంది అంటే మాత్రం దీని దగ్గర జవాబుండదు. ఆ జవాబు లేబర్ రూం రాతలోనే దొరకాలి.

ముందు బాగున్నది చెప్పుకోవాలి. తల్లికి కవలల గర్భమైతే ఓ30.0, ముగ్గురైతే ఓ30.1, నలుగురైతే ఓ30.2. కాన్పు ఫలితానికి జెడ్37: కవలలిద్దరూ బతికి పుడితే జెడ్37.2, ఒకరే బతికితే జెడ్37.3, ఇద్దరూ మృతశిశువులైతే జెడ్37.4. ఇది తల్లి షీటుకే. బిడ్డల షీట్లకు జెడ్38. ఈ రెండూ ఒకే షీటు మీద కనిపించాయంటే ఎక్కడో ఇద్దరి కాగితాలు కలిసిపోయాయన్నమాట, కోడ్ కొట్టడం ఆపి ఐపీ నంబర్లు (ఆసుపత్రిలో చేరిన ఒక్కొక్కరికి ఇచ్చే నంబర్లు) చూడాలి. కవలలకు షీట్లు మొత్తం మూడు, ఐపీ నంబర్లూ మూడు. బిడ్డల వివరాలు తల్లి షీటు వెనకపేజీలో రాసి సరిపెట్టే చోట ఏ కోడ్ పుస్తకమూ పనిచేయదు.

ఈ విడివిడి లెక్క విలువ 108 కేసుల్లో తెలుస్తుంది. దేవరకొండ వైపు తండా నుంచి తల్లిని తెస్తుంటే మొదటి బిడ్డ అంబులెన్సులోనే పుట్టి, రెండో బిడ్డ ఆసుపత్రిలో పుట్టిందనుకోండి. మొదటి బిడ్డకు జెడ్38.4, అంటే ఆసుపత్రి బయట పుట్టిన కవల. రెండో బిడ్డకు జెడ్38.3. తల్లికి ఎప్పటిలాగే జెడ్37.2. ఇద్దరికీ ఒకే కోడ్ వేస్తే అంబులెన్సు కాన్పు లెక్కలోంచే పోతుంది. మొదటి బిడ్డ రాత్రి 11:50కి, రెండో బిడ్డ 12:10కి పుడితే పుట్టిన తేదీలు కూడా వేరే. జనన నమోదు ఫారం-1 ఒక్కో బిడ్డకు ఒక్కోటి నింపి, రిమార్కుల గడిలో కవలలని రాయాలి. గడువు 21 రోజులు.

ఎక్కువ తప్పులు జరిగేది ఓ82 దగ్గర. సిజేరియన్ అని చూడగానే వేలు అటే పోతుంది. ఆ కోడ్ ఒకే బిడ్డ సిజేరియన్‌కు. కవలలిద్దరినీ ఆపరేషన్‌తో తీస్తే ఓ84.2, ఇద్దరూ మామూలు కాన్పైతే ఓ84.0. ఒకరు మామూలుగా, ఒకరు ఆపరేషన్‌తో అయితే ఓ84.8 వేసి, ఎవరిది ఏ పద్ధతో తెలియడానికి ఓ80, ఓ82 పక్కన చేర్చవచ్చు. అసలు ఓ84 ప్రధాన కోడ్‌గా ఉండాల్సింది కాన్పు పద్ధతి తప్ప ఇంకేమీ రాయని షీటులోనే. రెండో బిడ్డ ఆలస్యమైతే ఓ63.2, కవలలు ఒకరికొకరు అడ్డుపడి కాన్పు ఆగితే ఓ66.1. వీటికి ఆధారం ఇద్దరి పుట్టిన సమయాలు, డాక్టరు నోట్. సమయం ఒక్కటే రాసి ఉంటే ఆలస్యాన్ని కోడర్ ఊహించి వేయకూడదు.

అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లకు అలవాటైంది అమెరికా వాళ్లు తమ కోసం మార్చుకున్న ఐసీడీ-10-సీఎం పుస్తకం, వాడుకలో సీఎం. వాళ్లు జెడ్38.31 వేస్తారు, ఓ30.043 వేస్తారు. మన పుస్తకంలో అవి లేవు, మన ఓ84 ఆ పుస్తకంలో లేదు. నిజానికి ఈ విషయంలో సీఎం మెరుగైనదే. రెండో బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే ఓ32.1ఎక్స్ఎక్స్2 అని చివరి అంకెతోనే ఆ బిడ్డను చూపిస్తుంది. మన దాంట్లో ఓ32.5 ఒక్కటే, ఎవరో ఒకరు తిన్నగా లేరని మాత్రమే దాని అర్థం.

బరువుల్లోనూ ఇదే గొడవ. ఒక బిడ్డ 1,760 గ్రాములు, ఇంకో బిడ్డ 2,150. 1,800 గ్రాముల లోపు కాబట్టి మొదటి బిడ్డ ఎస్‌ఎన్‌సీయూకి (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగానికి) పోతుంది, రెండో బిడ్డ తల్లి పక్కనే ఉంటుంది. కోడ్ మాత్రం ఇద్దరికీ పీ07.1. వెయ్యి నుంచి 2,499 గ్రాముల దాకా అంతా ఒకే గంప. బరువును గ్రాముల్లో వేరే గడిలో ఉంచుకోకపోతే ఈ తేడా ఇక దొరకదు. పీ01.5 సంగతి కూడా చూసుకోవాలి. కవల అయినంత మాత్రాన ఆ కోడ్ రాదు, కవల గర్భం వల్ల బిడ్డకు ఇబ్బంది కలిగిందని డాక్టరు రాస్తేనే వేయాలి.

ఓ30.0లో మాయ ఒకటా రెండా అన్నదీ ఉండదు. డీసీడీఏ (మాయలు రెండు, ఉమ్మనీటి సంచులు రెండు), ఎంసీడీఏ (మాయ ఒక్కటే, సంచులు రెండు) అని 11 నుంచి 14 వారాల మధ్య స్కాన్‌లో తేలినదాన్ని కేస్ షీటు మొదటి పేజీలోకి ఎక్కించాలి. తల్లి ప్లాస్టిక్ కవర్లో తెచ్చిన స్కాన్ రిపోర్టు డిశ్చార్జి రోజు ఆమెతోనే వెళ్లిపోతుంది. కాన్పులో మాయ ఒక్కటే కనిపించిందని ఎంసీడీఏ రాయడం తప్పు, పక్కపక్కనున్న రెండు మాయలు అతుక్కుపోయి ఒకటిగా కనిపిస్తాయి.

లేబర్ రూంలో చేయాల్సింది చిన్న పనే. మాయ వైపు బొడ్డుతాడుకు మొదటి బిడ్డకు ఒక క్లాంపు, రెండో బిడ్డకు రెండు. కాలి ట్యాగు మీద రోమన్ అంకెలు వద్దు, తడి తగిలి ఒక గీత చెదిరితే రెండు ఒకటవుతుంది. ఇద్దరూ ఆడపిల్లలైతే ఆ పొరపాటు ఎవరి కంటా పడదు. ‘మొదటి బిడ్డ’, ‘రెండో బిడ్డ’ అని అక్షరాల్లో, తల్లి పేరుతో, సమయంతో రాయాలి. స్కాన్‌లో ఒకటో బిడ్డ అన్నది సిజేరియన్‌లో రెండోదిగా బయటికి రావచ్చు. అలా జరిగితే ఆపరేషన్ నోట్‌లో ఒక వాక్యం ఉండాలి.

28 వారాలు దాటి ఒక బిడ్డ కడుపులోనే పోతే మృతశిశువుకు ఫారం-3 విడిగా నింపాలి. అంతకు ముందే పోయి, రెండో బిడ్డతో గర్భం కొనసాగితే ఫారం ఉండదు, తల్లి షీటులో ఓ31.2 ఉంటుంది.

బిడ్డను హైదరాబాద్‌కు పంపితే అక్కడ జెడ్38 మళ్లీ వేయకూడదన్నది సీఎం నియమం. ఇక్కడా అదే పాటించడం మంచిది, లేకపోతే ఒక బిడ్డ రెండుసార్లు పుట్టినట్టు లెక్కకొస్తుంది. రిఫరల్ కాగితం మీద మొదటి బిడ్డో రెండో బిడ్డో, గ్రాముల్లో బరువు, తల్లి ఐపీ నంబరు, ఇక్కడే ఉన్న తోడుబిడ్డ ఐపీ నంబరు ఉండాలి.