భీమవరం సదస్సు: మూడు సంచులు, ఒక సెన్సరు

కంప్యూటర్ల సదస్సుకు భీమవరం వెళ్తున్నానంటే ఇంట్లో నమ్మలేదు. “సంక్రాంతి ఇంకా రాలేదుగా” అని నవ్వారు. రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారాక టౌన్ స్టేషన్‌లో దిగాను.

లాడ్జి శుభ్రంగానే ఉంది. వైఫై మాత్రం కింద కౌంటరు దాటి పైకి రాదు. నలుగురం మెట్ల మీద కూర్చుని స్లైడ్లు సరిచేసుకున్నాం.

కళాశాల వేదిక మీద ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అంటూ కంపెనీల లోగోలు. వాటి మధ్య సదస్సు పేరు వెతుక్కోవాలి. స్పాన్సర్ల మీద నాకు కోపం లేదు. 2009లో బెంగళూరులో మొదలైన పైకాన్ ఇండియా (పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు) లాంటి స్వచ్ఛంద సదస్సులకూ వాళ్ల డబ్బు కావాలి. నా గొడవల్లా డబ్బిచ్చి కొనుక్కున్న ప్రసంగాలతోనే. నలభై నిమిషాల్లో ముప్ఫై సొంత డబ్బా, మిగతా పది ఉద్యోగ ప్రకటన. మధ్యాహ్నానికి నా భుజాన మూడు సంచులు పోగయ్యాయి. భోజనానికి నూడుల్స్! గోదావరి జిల్లాలో నూడుల్స్ పెట్టించిన కంపెనీ పేరు మరిచిపోను. మర్నాడు బయట మెస్సులో కొర్రమేను పులుసుతో ఆ లోటు తీర్చుకున్నాను.

లోగోల వరుసలో అడుగున ఉన్న చిన్న కంపెనీ స్టాలు దగ్గరే గంటసేపు నిలబడ్డాను. తొట్టిలో సెన్సరు, తెర మీద డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, 4.6. రాత్రిపూట చెరువులో నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున డీఓ పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యల రైతుకు కునుకుండదు. ఈ పెట్టె అప్పుడు ఫోను చేసి లేపుతుందట, నీటికి గాలి అందించే ఏరియేటర్లు వేసుకోమని. పంచెకట్టు పెద్దాయన ఒకరు అంతా విని అడిగారు:

“బాబూ, కరెంటు పోతే కబురు చెప్తుందా, అదీ పడుకుంటుందా?”

“బ్యాటరీ ఉందండి.”

“దానికుంది సరే. ఏరియేటర్లకో?”

కుర్రాడు నవ్వేసి ఆ ప్రశ్న నోటుపుస్తకంలో రాసుకున్నాడు. రెండు రోజుల్లో ఎవరైనా ఏదైనా రాసుకోవడం అక్కడే చూశాను.

సదస్సు ముగిశాక పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండి చేరాను. రిసార్టు అద్దె లాడ్జికి మూడింతలు, వంట అంతంతమాత్రం. అయినా వరండా ముందు గోదావరి పాయ వసిష్ఠ పారుతుంటే బేరమాడబుద్ధి కాలేదు. చీకటిపడ్డాక దూరాన ఏరియేటర్ల చప్పుడు. పది దాటాక కరెంటు పోయింది, చప్పుడూ ఆగింది. కాసేపటికి ఎక్కడో ఒక జనరేటరు దగ్గుతూ లేచింది.