పన్నెండో తరం ప్రాసెసర్, కడప ఎండ: రెండు వేసవుల వాడకం తర్వాత

కొన్న కొత్తలో ఈ ల్యాప్‌టాప్‌ను అడిగినవారికీ అడగనివారికీ పొగిడి చెప్పాను. అది డిసెంబరు నెల. ఆ పొగడ్తను పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, కడపలో రెండు వేసవులు గడిచాక దానికి కొన్ని షరతులు చేర్చక తప్పడం లేదు.

నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2017లో వచ్చిన ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5-8250యు. కొత్తదానిలో ఉన్నది 2022లో వచ్చిన పన్నెండో తరం ఐ5-1235యు. పాతదానికి 4 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), కొత్తదానికి 10 కోర్లు. అయితే ఆ పదింటిలో పెద్దవి రెండే, మిగిలిన ఎనిమిదీ కరెంటు ఆదా కోసం పెట్టిన చిన్నవి. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. గరిష్ఠ వేగం 3.4 గిగాహెర్ట్జ్ నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కు పెరిగింది. నా ఫిర్యాదంతా ఈ 4.4 గురించే.

స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలను టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్దడం నా పని. దిద్దే పనిలో ప్రాసెసర్‌కు క్షణకాలపు శ్రమే ఉంటుంది: ఒక పేజీ తెరవాలి, ఒక మాట వెతకాలి, మళ్లీ ఊరకుండాలి. ఇక్కడ కొత్తదానికి పాతది సాటిరాదు. పాతదానిలో పేజీ తిప్పిన ప్రతిసారీ తెర కాసేపు తెల్లగా ఉండి, ఆ తర్వాత అక్షరాలు కనిపించేవి. కొత్తదానిలో ఆ తెలుపు కనిపించనే లేదు. మే నెలలోనూ ఈ విషయంలో మార్పు లేదు కాబట్టి, ఆ మేరకు నా పొగడ్త అలాగే ఉంటుంది.

ఓసీఆర్ సంగతి వేరు. పేజీలను కోర్లన్నిటికీ పంచి పెడితే, పుస్తకం పూర్తయ్యేదాకా ఏ కోరుకూ విశ్రాంతి ఉండదు. డిసెంబరులో మూడు వందల పేజీల పుస్తకం పాతదానికి పట్టిన సమయంలో సగానికన్నా తక్కువలోనే పూర్తయింది. ఏప్రిల్ చివర, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కింద అంతే పుస్తకాన్ని పెట్టి, ప్రాసెసర్ వేగాన్ని చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాను. మొదటి అర నిమిషం వేగం 3 గిగాహెర్ట్జ్‌కు పైనే కనిపించింది. తర్వాత దిగడం మొదలై, 2కు దిగువకు వచ్చి, అక్కడే ఊగుతూ ఉండిపోయింది. అంకెల మీటల పైభాగం వేలు ఆనించలేనంత వేడెక్కింది. లోపలి ఫ్యాను హోరుకు పక్క గదిలోంచి మా ఆవిడ ‘మిక్సీ వేసినారా?’ అని అడిగింది. చివరికి పుస్తకం పూర్తయ్యేసరికి, పాతదానికన్నా మిగిలిన సమయం చెప్పుకోదగ్గంత లేదు.

కారణం వెతికితే అర్థమైంది. రెండు ప్రాసెసర్లకూ మూల విద్యుత్ పరిమితి 15 వాట్లే. కొత్తది అవసరమైనప్పుడు 55 వాట్ల దాకా వాడుకోగలదు గానీ, అది కొద్ది సేపటికే. ఆ తర్వాత ఎన్ని వాట్లు అందుతాయన్నది ల్యాప్‌టాప్ తయారుచేసినవారు పెట్టిన హద్దును బట్టి, వేడిని బయటికి పంపే ఏర్పాటును బట్టి ఉంటుంది. చిప్ వేడి 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. లోపలికి పోయే గాలే 40 డిగ్రీలుంటే ఆ హద్దుకు చేరడం ఎంతసేపు? సన్నగా, తేలికగా ఉండాలని ఒకే చిన్న ఫ్యాను పెట్టి, అట్టపెట్టె మీద మాత్రం 4.4 అని పెద్దగా అచ్చు వేసిన ఆ కంపెనీ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇంతలో పాతదాన్ని మా అక్క కొడుక్కి ఇద్దామని ఏడు రోడ్ల దగ్గరి రిపేరు దుకాణానికి తీసుకెళ్లాను. అబ్బాయి వెనక మూత విప్పి చూపించాడు: రాగి గొట్టం చివరి రేకుల సందుల్లో దుమ్ము అట్టకట్టి, అవతలి వెలుతురు కూడా కనబడడం లేదు, ప్రాసెసర్ వేడిని రాగి గొట్టానికి చేర్చే పేస్టు ఎండి పెచ్చులు లేస్తోంది. ‘ప్రాసెసర్‌దేముంది సార్, గాలి యాడికి పోవాల?’ అన్నాడు. శుభ్రం చేయించి కొత్త పేస్టు వేయించాక ఓసీఆర్‌లో ఇది ఎంతో పుంజుకుంది. అంటే డిసెంబరులో నేను పోల్చింది ఊపిరాడని పాతదాన్ని, దుమ్ము సోకని కొత్తదాన్ని. వేసవి మట్టుకు చూస్తే, పొడవైన పనిలో వీటి మధ్య ఉన్న అంతరం అయిదేళ్ల తరాల అంతరమంత లేదు. మేనల్లుడికి ఇవ్వడం వాయిదా పడింది, వాడు అలిగాడు, అది వేరే కథ.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరమే కనీస అర్హత కాబట్టి నా పాతది గట్టెక్కింది; ఏడో తరమే అయి ఉంటే దాని తరఫున ఇంత వాదించేవాణ్ని కాను.

కాబట్టి కొనమంటారా అంటే, పని ఏమిటో చెప్పమంటాను. ఉత్తరాలు, లెక్కలు, దిద్దుబాట్లు అయితే 1235యు హాయిగా సరిపోతుంది. ఏసీ గది ఉన్నవారికి నా గొడవ చాలావరకు వర్తించదు. గంటల తరబడి సాగే పనులుంటే, అదే తరంలో 28 వాట్ల మూల పరిమితితో వచ్చిన 1240పీ లాంటిదాన్ని, కాస్త మందపాటి ల్యాప్‌టాప్‌లో చూడమంటాను. నేను మాత్రం వారంలో సగం రోజులు ప్రొద్దుటూరు బస్సులో దీన్ని ఒళ్లో పెట్టుకుని తిరిగేవాణ్ని. ఆ బరువు నాకు కుదరదు. ప్రస్తుతానికి రాత్రిపూట ఓసీఆర్ పాతదానికి అప్పగించి, పగలు కొత్తదానిలో దిద్దుకుంటున్నాను.