గాలిపటానికి ఏ దారం మేలు? సాదా దారమా, గాజు మాంజానా, చైనా మాంజానా?

జనవరి వచ్చిందంటే చాలు, "అన్నా, పిల్లోడు గాలిపటం గాలిపటం అని చంపుతున్నాడు, ఏ దారం కొనమంటావ్" అని ఎవరో ఒకళ్ళు అడుగుతూనే ఉంటారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అయితే ఒకళ్ళు అడగడం, పదిమంది పది రకాలు చెప్పడం, చివరికి ఆ అడిగినాయన మా విజయవాడ వన్ టౌన్ వెళ్ళి షాపోడు ఏదిస్తే అది తెచ్చుకోవడం, ప్రతి ఏడూ ఇదే. అందుకే ఈసారి ఒకేచోట రాసేస్తున్నా. సూత్రం (పటానికి దారం తగిలించే ముడి) ఎట్టా కట్టాలి, తోక ఎంత పెట్టాలి అనేవి నేను చెప్పక్కర్లేదు, అవన్నీ మీకు తెలిసినవే.

దారం గురించి మాట్లాడేటప్పుడు మనోళ్ళందరూ చూసేవి మూడే: ఎంత గట్టిది, ఎంత పైకి పోద్ది, పక్క డాబావోడిది కోస్తదా లేదా. నేను చూసేది ఇంకోటి ఉంది. తెగాక ఆ దారం ఏమవుద్ది? ఎందుకంటే మనం కొన్న దారంలో మళ్ళీ చరకా (దారం చుట్టుకునే రీలు) మీదకి వచ్చేది కొంతే. తెగిన గాలిపటంతో పాటు కొంత పోద్ది, మిగతాది ఇళ్ళ మీదా చెట్ల మీదా వాలిపోద్ది, లాగితే మధ్యలో ఎక్కడో పట్టుకుని ఇంకోసారి తెగుద్ది. కింద పిల్లలు పరిగెత్తేది గాలిపటం కోసమే, దారం ఎవడికి కావాలి. కనుమ మర్నాడు సత్యనారాయణపురంలోనో గాంధీనగర్‌లోనో ఏ డాబా అన్నా ఎక్కి చూడండి, కేబుల్ వైర్లకీ వేప చెట్లకీ ఎంత వేలాడుతుంటదో. మన చేతిలో అది ఉండేది ఒక పూట, బయట ఉండేది నెలలు, చైనాది అయితే ఏళ్ళు. కాబట్టి లెక్క అక్కడ మొదలుపెట్టాలి అంటా నేను.

చైనా మాంజా సంగతి ముందు తేల్చేద్దాం. పేరుకే చైనా, మన దేశంలోనూ తయారవుద్ది. ఒంటిపోగు నైలాన్ లాంటి సింథటిక్ దారానికి గాజుపొడో లోహపు పొడో పట్టిస్తారు. దాని గొప్ప ఏంటో కూడా చెప్పాలి మరి: చవక, తేలిక, అంత తొందరగా తెగదు, నిన్నగాక మొన్న నేర్చుకున్నోడు కూడా చుట్టుపక్కల ఉన్నవన్నీ కోసి పారేస్తాడు. కుర్రాళ్ళు ఎగబడేది అందుకే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతా నిషేధించినా ఇంకా దొరుకుతుందంటే అదే కారణం, బయట పెట్టరు, అడిగితే బల్ల కింద నుంచి తీసిస్తారు.

తెగదు అనే గుణమే దాని దుర్మార్గం. నూలు దారం మెడకి తగిలిందనుకోండి, బండి ఊపుకి పుటుక్కున తెగే అవకాశం ఎక్కువ. నైలాన్ అట్టా కాదు, ముందు సాగుద్ది, సాగుతూ బిగుసుకుంటది, ఈలోపు బండి ముందుకి పోతానే ఉంటది. 2024 జనవరిలో హైదరాబాద్ లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైక్ మీద పోతున్న ఒక సైనికుడు, మన విశాఖ వైపు మనిషే, మాంజా గొంతుకి చుట్టుకుని చనిపోయాడు. ఫ్లైఓవర్ మీద ఎందుకంటే, రోడ్డే డాబాల ఎత్తుకి వచ్చేస్తది కదా. సూరత్‌లో అయితే ఉత్తరాయణం రోజుల్లో టూవీలర్లని ఫ్లైఓవర్లు ఎక్కనివ్వరు. మనకి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఉంది, దుర్గ గుడి దగ్గర ఫ్లైఓవర్ ఉంది, పండగ మూడు రోజులు ఊళ్ళ నుంచి వచ్చినోళ్ళు పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని వాటి మీద నుంచే పోతారు. ఇక లోహపు పొడి పట్టించిన రకం కరెంటు తీగ మీద పడితే చేతి దాకా కరెంటు వస్తది. రైలు పట్టాల పైన తీగలో ఉండేది 25,000 వోల్టులు. మధురానగర్, రాజరాజేశ్వరిపేట లాంటి పట్టాల పక్క పేటల్లో ఉండేవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గాజు మాంజా. ఇక్కడ నేను కొంచెం మెత్తబడతా, ఒప్పుకుంటా. గంజిలో రంగు, మెత్తగా నూరి గుడ్డలో జల్లించిన గాజుపొడి కలిపి రెండు స్తంభాల మధ్య కట్టిన నూలు దారానికి పట్టించుకుంటా పోవడం, ఎండలో ఆరబెట్టడం, అదొక పనితనం. బరేలీ మాంజాకి అంత పేరు ఊరికే రాలేదు. పేచీ పడినప్పుడు, అంటే రెండు పటాల దారాలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు, లాగాలా వదలాలా అనేది అరక్షణంలో తేల్చుకోవాలి, దారం వదులుతా వదులుతా ఉంటే అవతలోడి దారం జారే చప్పుడు వేలికి తెలుస్తది, అంతలో అవతలిది తోకాడిస్తా పక్కకి ఒరిగిపోద్ది, డాబా అంతా ఒకటే కేక. ఆ మజా సాదా దారంలో లేదు, ఎవరు ఎన్ని చెప్పినా లేదు.

కానీ చూపుడు వేలు తెగకుండా గాజు మాంజాతో సంక్రాంతి దాటినోణ్ణి నేను చూళ్ళేదు. టేపు చుట్టుకుంటారు, అది కూడా కోసుకుపోద్ది. ఇంకోటి, పిల్లల కోసం అని కొంటాం కదా, చెయ్యి కోసుకుంటాడని పిల్లోడికి ఇవ్వం. నాన్న ఎగరేస్తా ఉంటాడు, పిల్లోడు చరకా పట్టుకుని వెనకాల నిలబడతాడు, కాసేపటికి విసుగొచ్చి కిందకి పోయి ఫోన్ చూసుకుంటాడు. అప్పుడు నాన్న "ఈ కాలం పిల్లలకి ఆటలు తెలీవండీ" అంటాడు!

మరి తెగాక? నూలు కాబట్టి వానలకి నాని కుళ్ళిపోద్ది, చైనాదానికంటే ఇది చాలా నయం. కాకపోతే మనకి గట్టి వానలు పడేది జూన్ తర్వాతే, అంటే ఐదు నెలలు ఆ గాజు దారం కొమ్మల్లో అట్టానే ఉంటది. సాయంత్రం కృష్ణ మీద నుంచి కొంగలు గుంపులు గుంపులుగా తిరిగొచ్చేది, మనం గాలి బాగుందని ఇంకా ఎగరేస్తుండేది ఒకటే టైము. గుంటూరోళ్ళకి ఉప్పలపాడు ఊరికి పక్కనే, ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ గూళ్ళు పెట్టుకునే చెట్లు అవి, అటువైపు గాలిపటమే వద్దంటా, ఏ దారంతో అయినా సరే.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. "మాది కాటన్ మాంజానే కదా, నిషేధం చైనాదానికే" అంటారు. 2016 డిసెంబర్లో ట్రిబ్యునల్ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో గాజు పూసిన నూలు మాంజా కూడా ఉంది. 2017 ఫైనల్ ఆర్డర్ ప్రధానంగా సింథటిక్ దారాల మీద వచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం అయితే 2017లోనే గాజూ లోహం ఏదీ పూయని నూలు దారం మాత్రమే వాడాలని నోటిఫికేషన్ ఇచ్చేసింది. కాబట్టి కాటన్ అన్న ఒక్క మాటతో గాజుకి మాఫీ వచ్చేసినట్టు కాదు.

సాదా దారం విషయానికొస్తే, అందరూ అనే మాట ఒకటే, "అది ఊరికే తెగిపోద్ది". నిజమే. పండగ రోజు డాబాల మధ్య సాదా దారంతో లేపితే పక్కోడి మాంజా తగిలి క్షణాల్లో పోద్ది, పిల్లోడు ఏడుస్తాడు, మీకూ ఉసూరుమంటది. దీనికి నా దగ్గర మందేమీ లేదు, పేచీల మధ్యకి దాన్ని తీసుకెళ్ళకండి అంతే. దాని చోటు వేరు. ప్రకాశం బ్యారేజీ కింద నీళ్ళు తగ్గి ఇసుక తేలినప్పుడు సీతానగరం వైపు వెళ్ళండి (నీళ్ళు వదులుతున్నారేమో ముందు కనుక్కోండి), లేదా సింగ్ నగర్ స్టేడియం లాంటి ఖాళీ గ్రౌండుకి. ఒకప్పుడు బందరు రోడ్డు మీద పి.డబ్ల్యు.డి. గ్రౌండ్ ఉండేది, ఇప్పుడు అక్కడ అంబేడ్కర్ విగ్రహం, 2024 జనవరిలో ఆవిష్కరించారు, ఊరి నడుమ అంత ఖాళీ జాగా ఇంక లేదు. అపార్ట్‌మెంట్ల మధ్య గాలి గోడలకి కొట్టుకుని సుళ్ళు తిరుగుద్ది, గాలిపటం గింగిరాలు కొట్టి కింద పడుద్ది, మనం దారాన్నీ సూత్రాన్నీ తిట్టుకుంటాం. ఇసుకలో ఆ గోల లేదు. పొద్దున మంచు విడిచి తొమ్మిది పది దాటాక గాలి అందుకుంటది, ఒకసారి లేచిందంటే కదలకుండా నిలబడుద్ది, ఏడేళ్ళ పిల్లోడికి దారం ఇచ్చేసి మీరు పక్కన కూర్చోవచ్చు. ఆ లాగుడు వాడి వేళ్ళకి తెలియాలి, అది తెలిసినోడు ఇంక ఫోన్ అడగడు, కనీసం ఆ గంట.

ఉత్తరం పంపడం గుర్తుందా? చిన్న కాయితం ముక్కకి మధ్యలో బెజ్జం పెట్టి దారానికి తగిలిస్తే గాలికి అదే పైకి పాక్కుంటా పోయి గాలిపటం దగ్గర ఆగుద్ది. గాజు దారం మీద కాయితం గరగరా పట్టుకుని చిరిగిపోద్ది, సాదా దారం మీద జుయ్యిన పోద్ది, ముడులు లేకపోతే. పిల్లలకి పేచీ కంటే ఇదే నచ్చుద్ది, నమ్మకపోతే ఒకసారి చేసి చూడండి.

రీలు మీద 6 కార్డ్, 9 కార్డ్, 12 కార్డ్ అని ఉంటది, పోగుల లెక్క అది. చిన్న కాయితం పటానికి 6 చాలు, పెద్దదానికి 9. 12 అయితే బరువుకి దారమే కిందకి వేలాడుద్ది. బలం చాలదనుకుంటే పల్చటి గంజి పట్టించి ఆరబెట్టండి, మంగళగిరిలో నేతపని వాళ్ళు పడుగుకి గంజి ఎందుకు పెడతారో అందుకే, పోగులు రేగకుండా నున్నగా కలిసుంటాయి. మంచుకి తడిస్తే మాత్రం ఆ గంజి వదిలేస్తది. తడిసిన నూలు కూడా కరెంటుని లాగుద్ది, సాదా దారం కదా అని వైర్ల దగ్గర ధైర్యం చెయ్యొద్దు.

కాటన్ అని చెప్పి నైలాన్ అంటగడితే తెలుసుకోవడం తేలికే. మూరెడు తీసి లాగండి, నూలు సాగకుండా టప్పున తెగుద్ది, నైలాన్ సాగుద్ది. కొస అంటించి చూడండి, నూలు కాయితం కాలిన వాసనతో బూడిద అవుద్ది, నైలాన్ కరిగి చిన్న గుండులా ముద్ద కడతది. ఇది షాపు బయటకొచ్చి చెయ్యండి, లోపల అన్నీ కాయితం పటాలే.

మిగతావి: తంగూసు వద్దు, గాజు లేకపోయినా అదీ నైలానే, చెట్టు మీద అంతే కాలం ఉంటది. మిషన్ దారం ఇప్పుడు ఎక్కువగా పాలిస్టరే, వద్దు. పురికొస బరువు. ప్లాస్టిక్ పటాల కంటే కాయితంవే మేలు, చిరిగితే అన్నం మెతుకు పెట్టి అతికించుకోవచ్చు.

డాబానే దిక్కయితే పిట్టగోడ నడుం ఎత్తు దాకా లేనిచోట ఎగరేయకండి, పైకి చూస్తా వెనక్కి నడిచేటప్పుడు ఎవరికీ అంచు గుర్తుండదు. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గరోళ్ళు అసలే వద్దు. మొన్నమొన్నటి దాకా ఉన్న 1934 నాటి మన విమానాల చట్టంలో విమానం అనే మాట కింద గాలిపటాన్ని కూడా చేర్చారు తెలుసా, నవ్వొస్తది గానీ అటువైపు వాళ్ళకి అది నవ్వే విషయం కాదు.

పండగ అయ్యాక మీ డాబా మీదా మెట్ల మీదా పడున్న దారం, మీది అయినా పక్కోళ్ళది అయినా, ఉండ చుట్టి ముక్కలుగా కత్తిరించి చెత్తబండికి వేసేయండి, అట్టానే వేస్తే కాకులు లాక్కుపోయి కాళ్ళకి చుట్టుకుంటాయి. చెట్టు మీద చిక్కుకున్నది కర్రతో అందినంత వరకే తియ్యండి, వైర్ల మీద ఉన్నదైతే ముట్టుకోవద్దు, కరెంటాఫీసుకి ఫోన్ చేసి చెప్పండి.