అకిలీస్ క్రూయిజర్ కిట్: ఓడ సూపర్, ప్యాకింగ్ దండగ

సికింద్రాబాద్‌లో ఒక చిన్న హాబీ షాపులో 1:700 సైజు (అసలు ఓడలో 700వ వంతు) అకిలీస్ క్రూయిజర్ కిట్ కొన్నాను, ముక్కలు అతికించి చేసుకునే బొమ్మ యుద్ధనౌక అన్నమాట. అదేనండీ, 1948లో మన నౌకాదళానికి వచ్చి 'ఢిల్లీ'గా పేరు మారిన బ్రిటిష్ ఓడ. అతికిస్తే 24 సెంటీమీటర్లే, కానీ ఒక్కో ముక్కా పెడుతుంటే అసలు ఓడని డిజైన్ చేసినవాళ్ల బుర్ర అర్థమవుతుంది: సరుకు ఓడలు తిరిగే దారులు వేల మైళ్లు, వాటికి కాపలా అంటే నాలుగు భారీ నౌకలతో అయ్యే పని కాదు, దూరం పోగలిగి, తక్కువ ఖర్చులో ఎక్కువ కట్టుకోగలిగేవి కావాలి. అందుకే సుమారు 7,000 టన్నులు, 6 అంగుళాల (గొట్టం లోపలి వెడల్పు) ఫిరంగులు 8, కవచం మాత్రం పల్చన. (సరుకు ఓడల్ని వేటాడుతూ 1914లో మద్రాసు మీద కూడా గుండ్లేసిన జర్మన్ ఓడ ఎమ్డెన్ గుర్తుందిగా, అలాంటివాటిని పట్టడానికే.) 1939 డిసెంబర్‌లో 11 అంగుళాల ఫిరంగులున్న జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీని ఇది, బ్రిటిష్ క్రూయిజర్లు ఏజాక్స్, ఎక్సెటర్ కలిసి ఎదుర్కొన్నాయి; ఎక్సెటర్ బాగా దెబ్బతిని తప్పుకున్నా, ఇదీ ఏజాక్సూ కలిసి దాన్ని ఉరుగ్వేలోని మాంటెవిడియో రేవు దాకా తరిమాయి!

కిట్‌కి వస్తే, ఆ ఒంటి పొగగొట్టం భలే కుదిరింది. కానీ ఒక ఫిరంగి గొట్టం విరిగే వచ్చింది, మార్చమంటే షాపాయన "తెరిచాక మార్చం సార్" అన్నాడు. తెరవకుండా ఎలా తెలుస్తుంది బాబూ? రంగులు, జిగురు విడిగా కొనాలి. చిన్నపిల్లలకైతే వద్దు, ముక్కలు మరీ సన్నం. నేను మాత్రం ఏజాక్స్ కూడా కొంటా, వేరే షాపులో.